తవ్వకముందే మరమ్మతైన బావి

పెద్ద ఈరన్న ప్రెసిడెంటు కాకముందు ఎర్రబండపల్లె జనం నీళ్ళు తాగి బతికారా, గాలి పీల్చి బతికారా అన్న సందేహం ఆ దారిన పోయే చదువుకున్నవాళ్ళకు కొంతకాలం పాటు కలుగుతూ ఉండేది. దానికి కారణం ఒక రాయి. కర్నూలు నుంచి కోడుమూరు పోయే బాట పక్కన ఆ ఊరి దిగుడుబావి. బావి తొలిమెట్టు దగ్గర నడుమెత్తు నాపబండ. బండ నెత్తిన అరచేయంత అంకెలతో 1953. చదువు వచ్చినవాడు ఆ అంకెల దగ్గర ఆగి, 'ఓహో, కొత్త బావి' అనుకునేవాడు. రానివాడు మెట్లు దిగి, నీళ్ళు తాగి, అరిగి నున్నబడిన కిందిమెట్ల మీద కాలు జారకుండా పైకి వచ్చి తన దారిన పోయేవాడు. బావి వయసు ఆ రెండోవాడి పాదాలకే సరిగ్గా తెలిసేది.

నిజానికి ఊళ్ళో ఆ వయసు గురించి ఎవరికీ అనుమానం లేదు. ధాత కరువులో, గంజి పోసే చోటు చేరకముందే మనుషులు దారిలో రాలిపోతున్న కాలంలో, సోమక్క అనే ఇల్లాలు మెడలోదీ చేతులదీ ఊడ్చి ఆ బావి తవ్వించింది. చుట్టుపక్కల ఎక్కడ గుంత తీసినా ఉప్పునీళ్ళు. అక్కడ మాత్రం తీపి. ఉప్పునీళ్ళలో వేస్తే కందిబేడలు పొద్దంతా కాగినా గులకరాళ్ళలాగే మిగిలేవి గనుక, ఎర్రబండపల్లెలో పప్పు ఉడకడమన్నది సోమక్క దయ. ఆమె నిలిపిన పాత రాయి మీద మూడు సంగతులే ఉండేవి. నెత్తిన 1877. దాని కింద 'ఈ బావి సోమక్క ధర్మము'. అన్నిటికంటె కింద, వేరొక చేతి చెక్కడంలో, '1931 శివన్న మెట్లు మరమ్మతు చేయించెను'. శివన్న అంటే మన ప్రెసిడెంటు గారి తండ్రి.

ఆ రాయి పగిలింది బండి తగిలి. వేరుసెనగ మూటలతో వెనక్కు మళ్ళుతున్న బండి ఇరుసు గుద్దుకుని నిలువునా బీట తీసింది. బండి పెద్ద ఈరన్నదే కావడం వల్ల నేరం ఎద్దుల మీదికి పోయింది.

సరిగ్గా ఆ ఏడే కర్నూలు రాజధాని అయింది. కట్టడాలు చాలక ప్రభుత్వం గుడారాల్లో కొలువుతీరింది. ఈరన్న ఒకసారి పోయి చూసి వచ్చాడు. గుడ్డ గోడల మధ్య బల్లలు, బల్లల మీద ఎగిరిపోకుండా గులకరాళ్ళు పెట్టిన కాగితాలు, కాగితాల వెనుక కోస్తా నుంచి వచ్చి చెమటలు కక్కుతున్న అధికారులు. గుడారమైనా సర్కారు సర్కారే అనుకున్నాడు ఈరన్న. ఇంత దగ్గరికి వచ్చిన సర్కారు మన ఊరికి రాకపోతే మన పెద్దరికం ఏం కాను అని కూడా అనుకున్నాడు. అయితే పెద్దమనిషిని పిలవాలంటే, ఆయన చేత తెరిపించడానికి ఊళ్ళో మూసి ఉన్నదేదైనా ఉండాలి. ఎర్రబండపల్లెలో మూసి ఉన్నవి రెండే: ఒకటి పోస్టుపెట్టె, రెండోది పెద్ద ఈరన్న పిడికిలి.

ఆ చింతలో ఉండగానే ఖాసిం వలి కొత్త రాయి తెచ్చాడు.

ఖాసిం వలిది మూడు తరాలుగా రాయి చెక్కే ఇల్లు. పాత రాయి చెక్కింది అతని తాత. అడుగున మరమ్మతు వరుస చేర్చింది అతని తండ్రి. బీటవారిన రాయికి నకలు కావాలని ఈరన్న కబురు పెడితే, అతడు పాతదాన్ని పక్కన పడుకోబెట్టుకుని, కొలతకు కొలత, వంకరకు వంకర దించాడు. బండి దిగిన రాయిని చూసి ఈరన్న నొసలు ముడిచాడు.

"ఏం వలీ, పైన 1953 ఏసినావేందీ?"

"ఈ యేడు చెక్కితి గదా ప్రెసిడెంటప్పా."

"పాతదాని మీద 1877 గదా ఉండేది?"

"అది ఆ రాయి పుట్టిన యేడు. ఇది ఈ రాయి పుట్టిన యేడు. రాయికి నెత్తిన ఉండే తేదీ రాయిదే. మా జేజినాయన కాలం నుంచి మా ఇంటి పద్ధతి. మనవడు అచ్చం తాత మాదిరే ఉండాడని తాత పుట్టిన తేదీ మనవడికి రాస్తారా యాడన్నా?"

"ఐతే కింద 1931 ఎందుకుంచినావు మల్ల?"

"అది రాయిది కాదు గదప్పా, మెట్లది. మెట్లు ఈ యేడు నేనేమన్నా కడితినా? ఉన్నది ఉన్నట్టు దించినా. చూసుకో కావాలంటే. మా నాయన మరమ్మతులో ఒక తలకట్టు మర్చిపోయినాడు. నేనూ మర్చిపోయినా."

ఈరన్న నోరు తెరిచాడు, తిట్టడానికి. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. లోపల మాత్రం తిట్టు వెనక్కు మళ్ళి, దాని చోట ఒక ఆలోచన వచ్చి కూర్చుంది. 1953. రాజధాని వచ్చిన ఏడు. తాను ప్రెసిడెంటుగా ఉన్న ఏడు. ఈ రాయి చూసినవాడు ఎవడైనా ఏమనుకుంటాడు? తాను అబద్ధమాడనక్కర్లేదు, రాయే ఆడుతుంది. రాయిని నిలదీసేవాడెవడు?

"సరేలే," అన్నాడు గొంతు తగ్గించి. "ఆ సోమక్క పేరు మాత్రం గీకెయ్యి."

"ఉన్న అక్షరం తీసేది మా ఇంటావంటా లేదు. చేర్చమంటావా, చేరుస్తా."

చేర్చమన్నాడు. అట్లా అట్టడుగున నాలుగో వరుస వెలిసింది: 'ప్రెసిడెంటు పెద్ద ఈరన్న'. చేయించెననీ లేదు, తవ్వించెననీ లేదు. పేరు ఒక్కటే, క్రియ చదివేవాడి ధర్మానికి వదిలేశారు.

రాయి నిలిపిననాడు ఊరంతా వచ్చి చూసింది. సోమక్క మునిమనవడిని కట్టుకున్న మద్దమ్మ కడవ చంకన పెట్టుకుని వచ్చింది. ఆమె చదువు రెండో తరగతితో ఆగిపోయింది గాని, ఆ కొంచెం చదువునూ ఆమె ఇతరుల మీద బాగా వాడేది. వేలు పెట్టి పైనుంచి కిందికి చదివింది.

"ఏమప్పా ఈరన్నా, బాయి తవ్వింది మొన్న. మీ నాయన మెట్లు బాగుచేసింది దానికి ఇరవై యేండ్ల ముందర. కొడుకు తవ్వబోయే బాయికి ముందే మరమ్మతు చేసిపెట్టి పోయినాడు! శానా ముందుచూపు మనిషప్పా మీ నాయన."

జనం నవ్వారు. ఈరన్న కూడా నవ్వాడు. ప్రెసిడెంటు అన్నవాడు తన మీది నవ్వులో తానూ కలవకపోతే ఆ నవ్వు పెరుగుతుందని ఆయనకు తెలుసు.

"పాత రాయి యాడ పారేసినావు?" అంది మద్దమ్మ.

"కాలవలో పడి ఉండాది. నీకెందుకు?"

"నా జాలాడికి బండ లేదు. గుడ్డలు ఉతుక్కుంటా."

కొడుకులను తోలి ఈడిపించుకుపోయింది. పెరట్లో స్నానాలు చేసి గుడ్డలు ఉతికే ఆ జాలాడిలో రాయిని బోర్లా వేసింది. అక్షరాలు నేలవైపుకు, వీపు ఆకాశానికి. ఎందుకట్లా అని ఒకరు అడిగితే, "మా జేజి పేరు మీద మురికి కొట్టమంటావా?" అంది.

మర్నాడే ఈరన్న కర్నూలుకు ఒక అర్జీ పంపాడు. 'మా గ్రామమున ప్రజల దాహము తీర్చుటకై రాజధాని ఏర్పడిన శుభవత్సరమున పంచాయతీ వారిచే కొత్తబావి వెలసినది. కావున తమరు దయచేసి ప్రారంభోత్సవము చేయవలెను' అని స్కూలు అయ్యవారి చేత రాయించి, కింద తన చేత్తో సంతకం దిద్దాడు. నెలలు గడిచాయి. పెద్దమనిషి రాలేదు. సంక్రాంతి పోయింది, శివరాత్రి పోయింది, వేసవి వచ్చి బాట మీద దుమ్ము లేచింది. అప్పుడు వచ్చాడు ఓవర్సీరు.

గొడుగు, కొలత గొలుసు, కాగితాల సంచి, వెనుక ఒక బంట్రోతు. పెద్దమనిషికి బదులు చిన్నమనిషిని పంపారు కాబోలు అనుకుని ఈరన్న దండ వేశాడు. ఓవర్సీరు దండ తీయకుండానే గొలుసు పరిచి, రోడ్డు నడుమ నుంచి బావి గట్టు దాకా కొలిచి, నిట్టూర్చాడు.

"ప్రెసిడెంటు గారూ, ఈ రోడ్డు వెడల్పు చేస్తున్నామండీ. మీ బావి హద్దు లోపలికి వచ్చేసింది."

"కానీలే సార్. బాయి చుట్టూ గోడ కట్టిస్తాం."

"గోడ పాత కట్టడాలకండీ. 1949లో హద్దురాళ్ళు పాతారు కదా, అంతకుముందు ఉన్నవాటికి మినహాయింపు. ఆ తర్వాత వచ్చినవి ఆక్రమణ. పూడ్చెయ్యాలి."

ఈరన్నకు ఆ మాట చెవిలో పడింది గాని లోపలికి దిగడానికి కొంత సమయం పట్టింది. కడవలతో వచ్చిన ఆడవాళ్ళకు మాత్రం వెంటనే దిగింది. అరుగుల మీది మగవాళ్ళు లేచి వచ్చారు.

"ఏందీ, బాయి పూడుస్తారా?"

"ఈ బాయి పోతే మేం యాడ తాగాల?"

"సార్, సార్," అన్నాడు ఈరన్న చేతులు పైకెత్తి, "ఇది పాత బాయి సార్. శానా పాతది. మా తాతలు తాగినారు."

ఓవర్సీరు రాయి వైపు చూశాడు. తరువాత సంచిలోంచి ఒక కాగితం తీశాడు. ఈరన్న తన సంతకాన్ని గుర్తుపట్టాడు. ఎవరి పిల్ల వాళ్ళకు గుర్తుంటుంది.

"రాయి మీద 1953. అర్జీలో కొత్తబావి. హద్దులు వేసిన పటంలో ఇక్కడ బావి లేదు." పటం గీసినవాడు ఎండకు జడిసి ఊరి చింతచెట్టు నీడలోంచి కంటికి ఆనినంత మేరకే గీశాడన్న సంగతి పటంలో లేదు. "ఇంతకీ ఈ సోమక్క గారెవరండీ? ధర్మమని ఉంది కాబట్టి ఆక్రమణదారు ఆవిడే అవుతారు. పిలిపించండి, నోటీసు మీద వేలిముద్ర వేయించుకుంటాను."

మద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆయమ్మ చచ్చిపోయి శానా కాలమాయె సార్," అన్నాడు ఈరన్న.

"ఎప్పుడు?"

"మా నాయన పిల్లోడుగా ఉన్నప్పుడే."

"మరి 1953లో బావి ఎలా తవ్వించారు?"

ఈరన్న ముఖం వెలిగింది. "అదే గదా సార్ నేను చెప్తాండేది! తవ్వించలేదు."

"తవ్వించకపోతే రాయి మీద ఆవిడ పేరెందుకుంది?"

"తవ్వించింది సార్. కానీ 1953లో కాదు."

"అయితే 1953లో తవ్వించింది ఎవరు?" ఓవర్సీరు వేలు రాయి వెంబడి మెల్లగా కిందికి దిగి, అట్టడుగు వరుస మీద ఆగింది.

ఊరు ఊరంతా ఆ వేలి వైపే చూస్తోంది. 'ఎవరూ తవ్వలేదు, నేను గొప్పకు రాయించుకున్నా' అన్న ముక్క చాలు, అక్కడితో తీరిపోయేది. ఆ ముక్క ఈరన్న నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కాని వచ్చే నెలలో పంచాయతీ ఎన్నిక. ఊళ్ళో తిరిగి తిరిగి తాను చెప్పుకుంటున్నది ఈ బావి ఒక్కటే. పరువు నాలుక మీద కూర్చుని మాటను వెనక్కు తోసింది.

"అది... మా హయాములో..." అన్నాడు.

"అదే రాసుకుంటాను," అన్నాడు ఓవర్సీరు.

"ఆ మరమ్మతు చూడండి సార్! 1931! తవ్వకముందే ఎవడన్నా మరమ్మతు చేస్తాడా?"

ఓవర్సీరు ఆ వరుసను గొడుగు కొసతో తడుముతూ చదివి, ఆ చిక్కును కూడా విప్పాడు. "ఒకే రాయి మీద రెండు తేదీలు పోట్లాడుకుంటే మేము పైనున్నదాన్ని తీసుకుంటామండీ. ఆఫీసులో పైవాడి మాట చెల్లుతుంది చూడండి, అలాగే." తరువాత బంట్రోతు తెచ్చిన చెంబెత్తి గటగటా తాగాడు. మూతి తుడుచుకుని, "నీళ్ళు మహా బాగున్నాయండీ. మా గుడారాల దగ్గర ఇలాంటివి దొరకవు. ఇంకో చెంబు పట్రా," అన్నాడు. రెండో చెంబు వచ్చేలోపు 'పూడ్చదగినది' అని రాశాడు. కోడుమూరు సంత మర్నాడు మట్టిబండ్లు వస్తాయని చెప్పి, దండతోనే వెళ్ళిపోయాడు.

ఇంట్లో భీమక్క ఎదురుచూస్తోంది. ఈరన్న భార్య ఆమె. కోపం వస్తే మాట్లాడడం మానేసే ఇల్లాండ్ర జాతి కాదు.

"కందిబేడలు యా నీళ్ళలో ఉడకేసేది?"

"చూద్దాంలేవే."

"నీ రాయి ఉడకేస్తా. దాన్ని తిను. పేరుండాది గదా, రుచిగా ఉంటాది."

మరునాడు పొద్దున్నే ఈరన్న బండి కట్టించుకుని ఖాసిం వలి గనికి పోయాడు. ఉలి చప్పుళ్ళ మధ్య, రాతిపొడికి తుమ్ముతూ తన కష్టమంతా చెప్పుకున్నాడు. పరువు గల మనిషి తన తప్పును ఎంత సన్నగా తరగవచ్చునో అంత సన్నగా తరిగి చెప్పినా, విన్నవాడు రాయి కొట్టేవాడు గనుక దాని మందం తెలుసుకున్నాడు.

"ఇప్పుడేం చేయమంటావప్పా?"

"ఆ పైన ఉండే 1953ని 1853 చెయ్యి."

"తొమ్మిదిని ఎనిమిది చేస్తే రాయికి గుంత పడుతుంది. దొంగ గుంత. మా నాయన ఆత్మ నన్ను తంతాది."

"ఐతే ఇంకో రాయి చెక్కు. కొత్తది. నెత్తిన 1877 పెట్టు."

"చెక్కుతా. 1954 పెడతా."

"వలీ!"

"అరిస్తే తేదీ మారుతుందా ప్రెసిడెంటప్పా? నూరు రాళ్ళు చెక్కమను, నూటికీ ఈ యేడే పడుతుంది. చెక్కితే కొత్తది." ఖాసిం వలి ఉలి కింద పెట్టి గడ్డంలోని పొడి దులుపుకున్నాడు. "మోసుకొస్తే మాత్రం పాతది పాతదే. రాయి చోటు మారితే వయసు మారదు. మనిషి కోడుమూరు నుంచి కర్నూలు పోతే మల్ల పుట్టినట్టా? పాత రాయి యాడుండాది?"

అది ఎక్కడుందో ఈరన్నకు బాగా తెలుసు. తన ఇంటి మిద్దె మీద నిలబడితే మద్దమ్మ జాలాడి కనబడుతుంది. రోజూ పొద్దున ఆ రాయి మీద గుడ్డలు కొట్టే చప్పుడుకే ఆయన నిద్ర లేచేది. ఆ రాయి దొరకడం కష్టం కాదు, అడగడమే కష్టం. అడగడం కంటె కష్టం, అడిగిన తరువాత మద్దమ్మ అనబోయే మాట.

సంత నాడు ఊరు ఊరంతా కోడుమూరు పోయింది. ఈరన్న పోలేదు. వీధి ఖాళీ అయ్యేదాకా వాకిట్లో కూర్చుని, ఖాళీ అయ్యాక మద్దమ్మ పెరటి దడి దగ్గరికి పోయి దగ్గాడు. ఆమె ఉతుకుతోంది.

"వొదినా," అన్నాడు. ఆ వరుస వాళ్ళ మధ్య ఉన్నదే గాని, ప్రెసిడెంటు అయినప్పటి నుంచి వాడుకలో లేదు.

"ఓహో, వొదిన గుర్తొచ్చిందే. కూచో మరిదీ. ఈడ కూచునేకి బండ ఒకటే ఉండాది, దాని మీద నా చీరలుండాయి."

"ఆ బండే కావల్ల."

"తీసకపో. నేనేమన్నా అడ్డమా?" గుడ్డ పిండి పక్కన పెట్టింది. "ఐతే రెండు మాటలు. రేపు ఆ కొలత సారు ముందర, ఊరి ముందర, ఆ బాయి తవ్వింది ఎవురో నీ నోటితో చెప్పల్ల. రెండోది, ఈ రాయి ముందరి కొన నీ బుజం మీద పోవల్ల. కూలోళ్ళ చేత మోయిస్తే కుదరదు."

"వొదినా, వచ్చే నెల ఓట్లుండాయి..."

"ఉప్పునీళ్ళు తాగి ఓట్లేస్తారులే. దప్పికతో ఏసే ఓటు శానా గట్టిగా పడుతుంది."

ఈరన్న ఆ రోజంతా ఆలోచించాడు. ఆలోచన అంటే బేరమే: తనతో తానే ఆడిన బేరం. బావి లేకుండా ప్రెసిడెంటుగా ఉండడమా, ప్రెసిడెంటు గిరీ లేకుండా పప్పు తినడమా? సాయంత్రం భీమక్క ఉప్పునీళ్ళతో వండిన బేడలు పెట్టింది, కావాలనే. రెండు ముద్దలు నమిలాడు. ఒక పన్ను కదిలినట్టు అనిపించింది. బేరం అక్కడ తెగింది.

మర్నాడు మట్టిబండ్లు బాట మీద వరసగా నిలబడ్డాయి. ఓవర్సీరు గొడుగు కింద నిలబడి, పూడ్చబోయే బావి నీళ్ళే మూడో చెంబు తాగుతున్నాడు. అప్పుడు వీధి మలుపులో ఒక ఊరేగింపు కనబడింది. పాత రాయికి మోకులు కట్టి, బొంగులు దూర్చి, నలుగురు మోసుకొస్తున్నారు. ముందరి కుడికొన పెద్ద ఈరన్న భుజం మీద. తలపాగా చుట్టకుదురు లాగా భుజానికి దిగింది. ముఖం బీటవారిన రాయికి జతగా ఉంది. రాయికి దెబ్బ తగలకూడదని ఖాసిం వలి పక్కనే నడుస్తూ, "మెల్లగ, మెల్లగ, తాతని మోస్తాండారు మీరు," అంటున్నాడు. నలుగురు మోయడం చూసి బండివాడొకడు చెప్పులు విడిచి, "ఎవురు పోయినారు?" అని అడిగాడు.

"కొత్త బాయి పోయింది," అంది మద్దమ్మ వెనుక నుంచి.

రాయి దించారు. ఈరన్న కాసేపు రొప్పాడు. ఆ రొప్పు ఎంత సాగదీయగలడో అంతా సాగదీశాడు. తరువాత ఎవరి ముఖమూ చూడకుండా, ఎదురుగా మట్టిబండికి కట్టిన ఎద్దును చూస్తూ చెప్పాడు.

"సార్, ఈ బాయి నేను తవ్వలేదు. సోమక్క తవ్వించింది, ధాత కరువులో. కొత్త రాయి మీద ఉండే తేదీ రాయిది, బాయిది కాదు. అది నాకు తెలుసు. తెలిసే ఊరకుంటి. అర్జీలో రాసింది అబద్ధం. పాత రాయి పగిలింది కూడా నా బండి తగిలే. ఎద్దులది తప్పు లేదు."

ఎద్దుల సంగతి ఎవరూ అడగలేదు. నిజం ఒకసారి కారడం మొదలుపెడితే అనుకున్న చోట ఆగదు.

ఎవరూ నవ్వలేదు. అదే ఈరన్నకు ఎక్కువ గుచ్చుకుంది. మద్దమ్మ ఒక చెంబు నీళ్ళు రాయి మీద పోసి కొంగుతో తుడిచింది. నెలల తరబడి నేలకు ముఖం పెట్టుకున్న అక్షరాలు తడిసి నల్లగా లేచాయి. 1877. సోమక్క ధర్మము. 1931. తలకట్టు లేని మరమ్మతు.

ఓవర్సీరు వంగి చూశాడు. రాయి కంటె, మెట్ల అరుగుదల కంటె, పల్లెటూరి సాక్ష్యాల కంటె ఆయనను కదిలించినది వేరొకటి: ప్రెసిడెంటు సంతకంతో ఉన్న అర్జీ అబద్ధమని ప్రెసిడెంటే చెప్పాడు. 'అర్జీదారు తన అర్జీని ఉపసంహరించుకొనెను' అని రాయడానికి ఆఫీసులో చోటు ఉంది. నిజమన్నదానికి లేని చోటు ఉపసంహరణకు ఉండడం వల్ల ఎర్రబండపల్లె బతికింది. కలం విప్పి రాయబోతూ ఆయన తల ఎత్తాడు.

"అన్నట్టు, ఈ రాయి ఇక్కడ పెట్టింది ఎప్పుడండీ?"

నిజం చెప్పే వేడి ఇంకా చల్లారని ఈరన్న, "ఇప్పుడే గదా సార్, మీ కండ్ల ముందరే..." అనబోయాడు. మద్దమ్మ మడమ ఆయన పాదం మీద నిలువుగా దిగింది.

"బాయి తవ్విననాడు సార్," అంది ఆమె. "నడుమ కొన్నాళ్ళు చుట్టాలింటికి పోయింది. మల్ల వచ్చింది."

ఓవర్సీరు '1877' అని రాసుకుని, పైనున్న తేదీ కింద ఒక గీత గీసి, నాలుగో చెంబు అడిగాడు. మట్టిబండ్లు వచ్చిన దారినే పోయాయి.

ఎన్నికలో ఈరన్న ఓడిపోయాడనీ, గెలిచాడనీ రెండు విధాలుగానూ చెప్పేవాళ్ళున్నారు. ఎదురు నిలబడినవాడు సొంత తమ్ముడు చిన్న ఈరన్నే కావడం వల్ల ఆ తేడా ఊరికి పెద్దగా తెలియలేదు. తెలిసిందల్లా రాళ్ళ సంగతే. పాత రాయి బీటకు సున్నం కూరి తొలిమెట్టు దగ్గర నిలిపారు. కొత్త రాయిని ఏం చేయాలన్న ప్రశ్న రాగానే మద్దమ్మ కొడుకులు మోకులతో సిద్ధంగా ఉన్నారు.

జాలాడిలో ఈసారి రాయి వెల్లకిలా పడింది. అక్షరాలు పైకి.

"బోర్లా ఏసుకోరాదా వొదినా?" అన్నాడు ఈరన్న దడి మీదుగా, ఒక పొద్దున.

"అక్షరాలుంటే మురికి బాగా వదుల్తాది మరిదీ. అందులో నీ పేరున్న చోట శానా గరుగ్గా ఉండాది."

దారిన పోతూ ఆగిన ఖాసిం వలి తన చెక్కడాన్ని ఇంకోసారి చూసుకుని తృప్తిగా తల ఊపాడు. 1953. ఉతికే బండగా అది పుట్టిన ఏడు అదే. నెత్తిన ఉన్న తేదీకి ఇప్పుడు అబద్ధం మోసే బాధ తీరింది. "నేను అప్పుడే చెప్పలా ప్రెసిడెంటప్పా? రాయి తేదీ రాయిదే," అన్నాడు.

భీమక్క ఆ పొద్దున కావాలనే ఉతకమని పంపిన మూటలోంచి మద్దమ్మ ఒక పంచె బయటికి లాగింది. దాని జరీ అంచు చూడగానే ఈరన్న గుర్తుపట్టాడు. ఓవర్సీరుకు దండ వేసిననాడు కట్టుకున్నది. ఆమె దాన్ని నీళ్ళలో ముంచి, తల మీదుగా ఎత్తి, అట్టడుగు వరుస మీద బలంగా కొట్టింది.